ముందుకాళ్లు మార్చేముందు

బ్యాటరీ సైకిలు కొన్న ఇంట్లో రెండో ఏడు తిరక్కుండానే ఒక చర్చ మొదలవుతుంది. అది బ్యాటరీ గురించి కాదు, మోటారు గురించీ కాదు. ముందుచక్రాన్ని పట్టుకుని ఉండే రెండు కాళ్ల గురించి. కొత్తలో మెత్తగా దిగి లేచిన ఫోర్కు ఇప్పుడు స్పీడ్‌బ్రేకరు ఎక్కగానే టక్కుమంటుంది. గుంటలో పడితే మోచేతుల దాకా జివ్వుమంటుంది. బ్రేకు పట్టుకుంటే ముందుభాగం వంగి దణ్ణం పెడుతుంది. కాలేజీకి వెళ్లే కొడుకు 'దీన్ని తీసేసి గాలి ఫోర్కు వేయిద్దాం నాన్నా' అంటాడు. ధర విన్న తండ్రి 'ఆ డబ్బుతో ఇంకో సైకిలే వస్తుంది కదరా' అంటాడు. నిజానికి ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. ఈ వారం ఆ తగువు సంగతే చూద్దాం.

ముందుగా, మనం మాట్లాడుకుంటున్న సైకిలు ఏదో తెలియాలి. లావు టైర్లు, అడ్డంగా సాగిన హ్యాండిలు, డిస్క్ బ్రేకులు, వెనకచక్రం మధ్యలో డబ్బాలాంటి మోటారు, కిందిగొట్టంలో బ్యాటరీ. ముందు మాత్రమే షాకబ్జర్లుంటాయి, వెనక ఉండవు. వెనకభాగం బిర్రుగా ఉంటుంది కాబట్టే దీన్ని హార్డ్‌టెయిల్ అంటారు. మన ఊళ్లలో ఇప్పుడు కనిపించే బ్యాటరీ మౌంటెన్ సైకిళ్లలో ఎక్కువ భాగం ఈ రకానివే. మోటారు 250 వాట్ల లోపు, వేగం గంటకు 25 కిలోమీటర్ల లోపు ఉంటే రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కర్లేదు. ఫోర్కు మార్చినంత మాత్రాన ఆ మినహాయింపు ఎక్కడికీ పోదు. అయితే ఫ్రేము మీద కంపెనీ ఇచ్చిన గ్యారంటీ పోవచ్చు. ఆ కాగితం ఒకసారి తీసి చదవండి.

సైకిలుకు షాకబ్జర్లు ఎందుకు వచ్చాయో చూస్తే ఈ కథ సులువుగా అర్థమవుతుంది. తాతగారి నల్ల సైకిలుకు అవి లేవు. సీటు కింద మాత్రం బలమైన స్ప్రింగులుండేవి. ముందు ఫోర్కు కాస్త ముందుకు వంపు తిరిగి ఉండి, మట్టిరోడ్డు కుదుపును అంతో ఇంతో తానే మింగేది. మోటారు సైకిళ్ల సంగతి వేరు. నూనెతో పనిచేసే టెలిస్కోపిక్ ఫోర్కును జర్మనీకి చెందిన బీఎండబ్ల్యూ 1935లోనే అమ్మకానికి తెచ్చింది. మన ఇంట్లో ఉన్న బైకు ముందుకాళ్లు దాని సంతతే. సైకిలుకు ఆ సుఖం దక్కడానికి మరో యాభై ఏళ్లు పట్టింది. 1970లలో అమెరికాలోని కాలిఫోర్నియాలో కొందరు కుర్రాళ్లు పాత సైకిళ్లు వేసుకుని కొండల మీంచి దూసుకొచ్చే ఆట మొదలుపెట్టారు. 1976లో పెట్టిన పందేనికి 'రీప్యాక్' అని పేరు. ఒకసారి కొండ దిగేసరికి వెనక హబ్బులోని బ్రేకు కాలిపోయి, గ్రీజు పొగై పోయేది. మళ్లీ కొత్త గ్రీజు కూరాలి, అందుకే ఆ పేరు. అప్పటికీ ముందు షాకబ్జర్లు లేవు. దెబ్బలన్నీ చేతులే తినేవి.

మోటారు సైకిళ్ల పందేల్లో పనిచేసి వచ్చిన పాల్ టర్నర్ 1989లో రాక్‌షాక్స్ కంపెనీ పెట్టి సైకిలు కోసమే ఫోర్కు తయారుచేశాడు. అది దిగేది రెండంగుళాల కన్నా తక్కువే. 1990లో కొలరాడో రాష్ట్రంలోని డురాంగోలో జరిగిన ప్రపంచ పోటీల్లో, కొండ దిగే పందేన్ని గ్రెగ్ హెర్బోల్డ్ ఆ ఫోర్కుతోనే గెలిచాడు. ఇనుప ఫోర్కే గట్టిదని వాదించినవాళ్లు ఆ తర్వాత మెల్లగా దారి మార్చారు. ఇందులో ఒక తమాషా ఉంది. రాక్‌షాక్స్ వారి ఆ మొదటి ఫోర్కులో ఉన్నది ఉక్కు స్ప్రింగు కాదు, గాలి. ఇవాళ మన పిల్లలు కొత్త విద్యలా చెబుతున్న గాలి ఫోర్కు అక్కడే ఉందన్నమాట.

మరి మన సైకిలులో ఉక్కు స్ప్రింగు ఎందుకు పెడుతున్నారు? చవక కాబట్టి. బ్యాటరీకి, మోటారుకు, కంట్రోలరుకు డబ్బు పోగా తయారీదారుకు ఎక్కడో ఒకచోట తగ్గించుకోక తప్పదు. కొనేవాడు బ్యాటరీ ఎంత, ఎన్ని కిలోమీటర్లు వస్తుంది అని అడుగుతాడు. ఫోర్కు లోపల ఏముందని ఎవరూ అడగరు. అందుకే తగ్గింపు అక్కడ జరుగుతుంది.

చవక ఫోర్కులో రెండు లోపాలు. మొదటిది, స్ప్రింగు అందరికీ ఒక్కటే. యాభై కిలోల అమ్మాయికీ, తొంభై కిలోల నాన్నకూ అదే. ఆమెకు అది దిగనే దిగదు, ఆయనకు ఎక్కగానే సగం దిగిపోతుంది. పైన ఒక గుండ్రటి మర ఉంటుంది చూడండి, దాన్ని బిగిస్తే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది అనుకుంటారు. గట్టిపడదు. స్ప్రింగును మొదట్లోనే కాస్త నొక్కి పెడుతుంది, అంతే. స్ప్రింగు బలం ఎంతో అంతే ఉంటుంది. రెండోది ఇంకా ముఖ్యం. నొక్కిన స్ప్రింగు తిరిగి లేచే వేగాన్ని ఆపేది నూనె. చవక రకాల్లో చాలావాటికి ఆ ఏర్పాటే ఉండదు. గుంటలో దిగిన చక్రం బంతిలా ఎగిరి, హ్యాండిలును పైకి తన్నుతుంది. రోడ్డు మీద ఇది చికాకు. దిగుడు బాటలో మలుపు మధ్యలో జరిగితే చక్రం నేలను వదిలేస్తుంది. చక్రం గాలిలో ఉన్నప్పుడు ఎంత మంచి బ్రేకైనా ఏంచేస్తుంది!

మామూలు సైకిలు మీద ఈ లోపాన్ని భరించవచ్చు. మోటారు చేరాక లెక్క మారుతుంది. మామూలు హార్డ్‌టెయిల్ పదమూడు, పద్నాలుగు కిలోలుంటే, బ్యాటరీ పెట్టిన ఇలాంటి సైకిలు ఇరవై కిలోలు దాటుతుంది. ఇరవై అయిదు దాకా వెళ్లేవీ ఉన్నాయి. బ్రేకు వేసినప్పుడు ఆ బరువంతా ముందుకాళ్ల మీద పడుతుంది. పైగా మోటారు అలసట తెలియనివ్వదు. మామూలు సైకిలుతో అనంతగిరి లాంటి చోట ఒకసారి కొండెక్కి దిగినవాడు చాలనుకుని ఇంటికొస్తాడు. బ్యాటరీ ఉన్నవాడు మూడుసార్లు ఎక్కుతాడు, మూడుసార్లు దిగుతాడు. అంటే మూడింతల దెబ్బలు. పెద్ద తయారీదారులు బ్యాటరీ సైకిళ్ల కోసం గోడ మందం పెంచిన ఫోర్కులు ప్రత్యేకంగా చేయడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక అపోహ పోగొట్టాలి. ఫోర్కు మారిస్తే సైకిలు తేలికవుతుందని అబ్బాయిలు లెక్కలు చెబుతారు. ఉక్కు స్ప్రింగు ఫోర్కు రెండున్నర కిలోలు దాటుతుంది, గాలిది అరకిలో దాకా తగ్గవచ్చు, నిజమే. కానీ ఇరవై నాలుగు కిలోల సైకిలు మీద, మోటారు లాగుతుండగా, ఆ అరకిలో ఎవరికి తెలుస్తుంది? ఉదయం ఒక గ్లాసు మజ్జిగ తక్కువ తాగినా అంతే. లాభం బరువులో లేదు. మీ బరువుకు తగ్గట్టు గాలి పెట్టుకోగలగడంలో, చక్రం లేచే వేగాన్ని అదుపు చేయగలగడంలో, పైగొట్టాలు లావుగా ఉండి వంగకపోవడంలో ఉంది. చవక ఫోర్కుల్లో ఆ గొట్టాల వ్యాసం 28 మిల్లీమీటర్లుంటుంది, కాస్త మెరుగైనవాటిలో 30. బరువైన సైకిలుకు 32 కానీ అంతకన్నా ఎక్కువ కానీ ఉన్నది చూసుకుంటే మంచిది.

డబ్బు తీసే ముందు ఒక అరగంట ఖర్చుపెట్టండి. ఆ 'టక్కు' ఎక్కడినుంచి వస్తోందో చూడండి. ముందుబ్రేకు గట్టిగా పట్టుకుని సైకిలును ముందుకీ వెనక్కీ ఊపాలి. రెండో చేతి వేలు హ్యాండిలు కింద బేరింగు కప్పు అతుకు మీద పెట్టాలి. అక్కడ కదలిక తెలిస్తే జబ్బు ఫోర్కుది కాదు, హెడ్‌సెట్ బేరింగు వదులైంది. అలెన్ కీతో అయిదు నిమిషాల పని. అక్కడ ఏమీ లేకుండా, మెరిసే పైగొట్టాలకూ కిందికాళ్లకూ మధ్య ఆట ఉంటే లోపలి బుష్షులు అరిగాయన్నమాట. రెండూ కాక, దిగడానికే మొరాయిస్తుంటే గ్రీజు ఎండిపోయి ఉంటుంది. ఇలాంటి ఫోర్కులు చాలావాటికి కింద రెండు బోల్టులు విప్పితే కాళ్లు ఊడొస్తాయి. తుడిచి, సరైన గ్రీజు పెట్టి బిగిస్తే మళ్లీ ప్రాణం పోసుకుంటాయి. ఇవేవీ చూడకుండా కొత్తది అమ్మజూపే దుకాణం నుంచి మర్యాదగా బయటికి వచ్చేయండి.

తరవాత టైర్లు. మనవాళ్లకు గాలి అంటే రాయిలా ఉండాలి. వేలితో నొక్కితే లొంగకూడదు. సన్నటి టైర్ల కాలం నాటి అలవాటది. రెండంగుళాలు దాటిన మౌంటెన్ టైరులో యాభై పౌండ్లు కొట్టిస్తే ఎంత ఖరీదైన ఫోర్కున్నా ప్రతి కంకరరాయీ చేతికి చేరుతుంది. మనిషి బరువును బట్టి ముప్ఫై దగ్గర పెట్టి చూడండి. టైరు పక్కగోడ మీద అచ్చేసిన హద్దులు దాటొద్దు. మరీ తగ్గిస్తే రాయికీ రిమ్ముకీ మధ్య ట్యూబు నలిగి పంక్చరవుతుంది. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే సగం బాధ తీరుతుంది, ఖర్చు సున్నా.

ఇంకొక విషయం తేలిగ్గా తీసుకోకండి. సైకిలు దిగాక చిటికెనవేలు, ఉంగరపువేలు తిమ్మిరెక్కుతున్నాయా? అరచేతి అంచు గుండా వెళ్లే అల్నార్ నరం హ్యాండిలుకు నొక్కుకుపోవడం వల్ల ఇలా జరుగుతుంది. కుదుపు దాన్ని పెంచుతుంది కాబట్టి మంచి ఫోర్కు సాయపడుతుంది. కానీ సీటు ముక్కు కిందికి వాలి ఉంటే ఒంటి బరువంతా చేతుల మీదికి జారుతుంది, ఏ ఫోర్కూ దాన్ని ఆపలేదు. సీటు సమంగా పెట్టండి. అరచేతిని ఆన్చుకునేలా వెడల్పుగా ఉండే గ్రిప్పులు దొరుకుతాయి, వేయించండి. దిగిన కొన్ని గంటల తర్వాత కూడా తిమ్మిరి పోకపోయినా, వేళ్లలో పట్టు తగ్గినా సైకిలు దుకాణానికి కాదు, డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

నడుంనొప్పికీ ఫోర్కుకూ అసలు సంబంధం లేదు. ఇది హార్డ్‌టెయిల్, పైగా మోటారు బరువు వెనకచక్రంలోనే ఉంది. వెనక దెబ్బ నేరుగా సీటుకే వస్తుంది. నడుం బాధైతే సీటు కిందికి వచ్చే స్ప్రింగు పోస్టు చూడండి. వెనకచక్రం చువ్వలు తెగుతున్నా అంతే, ముందు ఎన్ని వేలు పోసినా అవి తెగడం ఆగదు.

ఇవన్నీ చేశాక కూడా ఫోర్కు మార్చాల్సిందే అనిపిస్తే, అప్పుడు కొలతలు. చెప్పుల జత కొనేటప్పుడు కాలి సైజు ఒక్కటే చాలు. ఫోర్కుకు అలా కుదరదు. ఒక్క కొలత తప్పినా డబ్బు గోవిందా.

మొదట చూడాల్సింది స్టీరర్ గొట్టం. ఫోర్కు నుంచి పైకి వెళ్లి ఫ్రేములో దూరి హ్యాండిలును మోసేది అదే. పాత పద్ధతిలో కిందినుంచి పైదాకా ఒకే లావు, 28.6 మిల్లీమీటర్లు. కొత్త పద్ధతిలో పైన అంతే ఉండి, కింద ఒకటిన్నర అంగుళానికి లావెక్కుతుంది. దీన్ని టేపర్డ్ అంటారు. దుకాణాల్లో ఇవాళ దొరికే మంచి ఫోర్కుల్లో ఎక్కువ ఈ రెండో రకం. మన చవక సైకిళ్ల ఫ్రేముల్లో చాలావాటికి మొదటిదే పడుతుంది. ఫ్రేము ముందుగొట్టాన్ని చూడండి. కిందివైపు కుండలా లావెక్కితే టేపర్డ్ పడుతుంది. పైనుంచి కిందికి ఒకే తీరుగా, సన్నగా ఉంటే పట్టదు. లోపలి వ్యాసం 44 మిల్లీమీటర్లున్న గొట్టమైతే, కింద బయటికి వచ్చే వేరే బేరింగు కప్పు వేసి టేపర్డ్ ఫోర్కు ఎక్కించవచ్చు. దానితో ముందుభాగం కాస్త లేస్తుంది. ఇక గొట్టాన్ని కోరేసి, అరగదీసి సర్దుతామనే మెకానిక్కులకు దణ్ణం పెట్టి వచ్చేయండి. నేరు గొట్టంతో వచ్చే గాలి ఫోర్కులు ఇప్పటికీ ఉన్నాయి. ఎస్‌ఆర్ సన్‌టూర్ లాంటి కంపెనీలు చేస్తున్నాయి. వెతకాలి, అంతే.

తరవాత చక్రం ఇరుసు. పాతరకం 9 మిల్లీమీటర్ల క్విక్ రిలీజ్, అంటే ఒక చిన్న మీట తిప్పి చక్రం ఊడదీసేది. కొత్తరకం 15 మిల్లీమీటర్ల లావు ఇరుసు, ఫోర్కు రంధ్రాల్లోంచి ఇటునుంచి అటు దూరుతుంది. రెండోది గట్టిది, సందేహం లేదు. కానీ మీ పాత హబ్బు దానిలో ఇమడదు. కొత్త హబ్బు, చువ్వలల్లడం, లేదా మొత్తం చక్రమే కొనడం. ఫోర్కు ధర అడిగి సంబరపడినవాళ్లు ఇక్కడే బోర్లా పడతారు. మోటారు వెనక ఉంది కాబట్టి ముందుచక్రం మార్చడం సాధ్యమే, కాకపోతే ఆ లెక్క మొదటే వేసుకోవాలి. మోటారు ముందుచక్రంలో ఉన్న సైకిలైతే నా మాట విని ఈ పని మానుకోండి. తేలికలోహపు ఫోర్కు కొసలు మోటారు ఇరుసు మెలిపెట్టే బలాన్ని భరించేలా చేసినవి కావు. అవి విరిగితే చక్రం ఊడుతుంది.

మూడోది ఎత్తు. మీది వంద మిల్లీమీటర్లు దిగే ఫోర్కైతే కొత్తది కూడా అంతే ఉండాలి, మహా అయితే 120. అబ్బాయికి 140ది ముచ్చటగానే ఉంటుంది, వీడియోల్లో చూసినట్టుంటుంది. కానీ ముందుభాగం ఇరవై మిల్లీమీటర్లు లేస్తే హ్యాండిలు గొట్టం వాలు దాదాపు ఒక డిగ్రీ మారుతుంది. సైకిలు మందంగా తిరుగుతుంది, ఎక్కుడులో ముందుచక్రం తేలుతుంది. అంతకంటే ముఖ్యం, పొడవాటి ఫోర్కు మీటకట్టెలా పనిచేసి ఫ్రేము ముందరి అతుకు మీద అదనపు బలం వేస్తుంది. ఆ అతుకును తయారీదారు ఎంత ఫోర్కుకు లెక్కగట్టాడో అంతకే అది పూచీ. దిగే లోతు ఒకటే అయినా రెండు కంపెనీల ఫోర్కుల నిలువు ఎత్తు ఒకటి కాకపోవచ్చు. ఇరుసు నుంచి పైన కిరీటం దాకా ఎంతో పాతదానితో పోల్చి చూసుకోండి.

చక్రం సైజు, టైరు వెడల్పు, బ్రేకు డిస్కు సైజు ఫోర్కుకు సరిపోవాలని వేరే చెప్పక్కర్లేదు. నాలుగంగుళాల లావు టైర్ల సైకిళ్లకు ఫోర్కులే వేరు.

ధర సంగతి. పేరున్న గాలి ఫోర్కుకు ఇలాంటి సైకిలు ధరలో సగం దాకా పెట్టాల్సి రావచ్చు. అందుకే మనసు రెండు వైపులకు లాగుతుంది. ఒకటి, పేరూ ఊరూ లేని చవక గాలి ఫోర్కు. కాగితం ఉండదు, సీళ్లు దొరకవు, ఎంత బరువుకు చేశారో చెప్పే నాథుడుండడు. సైకిలులో ఏది విరిగినా ఎలాగో ఆపుకోవచ్చు. చైను తెగితే తోసుకొస్తాం. ఫోర్కు విరిగితే ముఖం నేలకు తగిలాక గానీ తెలియదు. ఇలాంటిదానికంటే పాత ఉక్కు స్ప్రింగే మేలని నా గట్టి అభిప్రాయం. రెండోది, వాడిన ఫోర్కు. ఇది చెడ్డ ఆలోచనేం కాదు. కానీ ముందు స్టీరర్ గొట్టం ఎంత పొడవుందో అడగండి. మొదటి యజమాని తన ఫ్రేముకు కోసేసి ఉంటాడు. మీ ఫ్రేముకు అది పొట్టిదైతే అతికే దారి లేదు. పైగొట్టాల మీద గోరు ఆనించి పైనుంచి కిందికి లాగండి, గీత తగిలితే అక్కడే నూనె కారుతుంది. విశాఖ, కాకినాడ వంటి సముద్రపు ఊళ్లలో వాడినదైతే తుప్పు చుక్కల కోసం మరీ జాగ్రత్తగా చూడాలి.

బిగింపు మెకానిక్కుకే వదలండి, అయినా పక్కన నిలబడండి. బ్యాటరీ తీసేశాకే పని మొదలవ్వాలి. మామూలు సైకిలులా తలకిందులు చేసి నిలబెట్టడం మన వీధి మెకానిక్కుల అలవాటు. ఇక్కడ హ్యాండిలు మీద డిస్‌ప్లే, మీటలు ఉన్నాయి, పగులుతాయి. చాలా బ్యాటరీ సైకిళ్లలో బ్రేకు పట్టగానే మోటారును ఆపే సన్నటి వైర్లు బ్రేకు మీటల్లోకి వెళుతుంటాయి. హ్యాండిలు విప్పినప్పుడు వాటిని లాగకూడదు. అవి తెగితే మీరు బ్రేకు వేసినా మోటారు తోస్తూనే ఉంటుంది. స్టీరర్ గొట్టం కోసేటప్పుడు పాతదాన్ని పక్కన పెట్టి, నాలుగైదు మిల్లీమీటర్లు ఎక్కువే ఉంచి కోయించండి. మిగిలిన ఎత్తును వాషర్లతో సర్దుకోవచ్చు. బిగించడంలో వరస ముఖ్యం. ముందు నెత్తిమీది మూత బోల్టుతో బేరింగు ఆట పోయేదాకా, హ్యాండిలు హాయిగా తిరిగేలా. ఆ తర్వాతే పక్క బోల్టులు. హ్యాండిలును పట్టి ఉంచేవి పక్క బోల్టులే. పై మూత బలంగా బిగించి పక్కవి మరిచిపోయిన సైకిలు రోడ్డెక్కితే హ్యాండిలు ఒకవైపు, చక్రం ఇంకోవైపు.

చాలామంది పని ఇక్కడితో అయిపోయిందనుకుంటారు. డబ్బు వృథా అయ్యేది ఇక్కడే. గాలి ఫోర్కు కొని, దుకాణంలో పెట్టిన గాలితోనే రెండేళ్లు తిరిగేవాళ్లున్నారు. వాళ్లకు పాతదానికీ కొత్తదానికీ తేడా తెలియదు, ఎలా తెలుస్తుంది?

దీనికి చిన్న షాక్ పంపు కావాలి. టైర్లకు కొట్టే పంపు పనికిరాదు, పెట్రోలు బంకు గాలి అసలే వద్దు. లోపల పట్టే గాలి చాలా తక్కువ, ఒత్తిడి మాత్రం టైరుకన్నా చాలా ఎక్కువ. ఫోర్కు కాలి వెనక లేదా కాగితంలో మీ బరువుకు ఎంత పెట్టాలో పట్టిక ఉంటుంది. అక్కడినుంచి మొదలుపెట్టండి. గాలి కొట్టాక నాలుగైదుసార్లు గట్టిగా నొక్కి మళ్లీ చూడండి, కొంచెం తగ్గి ఉంటుంది, సరిచేయండి. పంపు తీసేటప్పుడు 'సుయ్'మంటే కంగారొద్దు, అది పంపు గొట్టంలో మిగిలిన గాలి.

ఇప్పుడు బ్యాగు, హెల్మెట్‌తో సహా మీరు రోజూ ఎలా వెళతారో అలాగే సైకిలెక్కండి. ఇంట్లో ఒకరు బ్రేకు పట్టుకుని సైకిలును నిలబెట్టాలి. ఇది ఒక్కరు చేసే పని కాదు, అమ్మనో తమ్ముణ్నో పిలవండి. పెడళ్ల మీద నిలబడి, పైగొట్టం మీద ఉండే రబ్బరు వలయాన్ని సీలు దాకా కిందికి నెట్టించి, కుదుపు లేకుండా దిగండి. వలయం లేకపోతే ఒక ప్లాస్టిక్ కేబుల్ టై వదులుగా కట్టినా సరిపోతుంది. మీ బరువుకే ఫోర్కు ఎంత దిగిందో అది చెబుతుంది. వంద మిల్లీమీటర్ల ఫోర్కైతే పదిహేను నుంచి ఇరవై దాకా దిగడం సరైనది. ఎక్కువ దిగితే గాలి పెంచండి, దిగకపోతే తగ్గించండి. తండ్రీకొడుకులు ఒకే సైకిలు వాడుతుంటే ఇద్దరి అంకెలూ కాగితం మీద రాసి పంపుతో పాటే పెట్టండి. ఉక్కు స్ప్రింగు ఎప్పటికీ ఇవ్వలేని సౌకర్యం ఇదొక్కటే, దీన్ని వాడుకోకపోతే ఎలా!

కాలి అడుగున ఉండే మర తిరిగి లేచే వేగానిది. మధ్యలో ఉంచి, హ్యాండిలు మీద బలంగా నొక్కి ఠక్కున వదలండి. చక్రం నేల మీంచి ఎగిరితే మరను బిగించాలి. జీడిపాకంలా మెల్లగా లేస్తుంటే వదులు చేయాలి. పైన ఉండే లాకౌట్ మీట నున్నటి రోడ్డుకే. హైదరాబాదు ఔటర్ రింగురోడ్డు పక్కన 2023లో మొదలైన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ లాంటి చోట దాన్ని వేసుకోవచ్చు. అసలు అక్కడికీ ఆఫీసుకూ తప్ప ఎక్కడికీ వెళ్లనివారికి ఈ వ్యాసంలో చెప్పిన ఖర్చే అక్కర్లేదు. టైరు గాలి, సీటు, గ్రిప్పులు చూసుకుంటే చాలు. వారానికోసారైనా రాళ్ల బాట, దిగుడు, ఎర్రమట్టి గాళ్లు ఉన్నవాళ్లకు, ఎనభై తొంభై కిలోల మనుషులకు, ఫ్రేము కొలతలు కుదిరి కొత్త చక్రం అక్కర్లేకపోతే, తీసుకోమనే చెబుతాను. ఫోర్కుతో పాటు చక్రం, హెడ్‌సెట్ కూడా మార్చాల్సి వస్తే మాత్రం అక్కడితో ఆపండి. ఆ డబ్బు దాచి, తరవాతి సైకిలు కొనేటప్పుడు మంచి ఫోర్కుతోనే వచ్చినదాన్ని ఎంచుకోవడం లాభం.

గాలి ఫోర్కుకు పోషణ ఎక్కువ, అది ముందే తెలిసి ఉండాలి. తిరిగొచ్చాక మెత్తటి గుడ్డతో పైగొట్టాలు తుడవాలి. వానాకాలంలో ఎర్రమట్టి సీళ్ల దగ్గర గట్టిపడితే ఉప్పుకాగితంలా గీస్తుంది. వాటర్ వాష్ వాళ్ల తుపాకీ నీళ్లు సీళ్ల మీద కొట్టించొద్దు. సుమారు యాభై గంటల సవారీకి ఒకసారి కిందికాళ్లు విప్పి, తుడిచి, కొత్త నూనె పోయించాలి. ఎక్కువేం పట్టదు, కొన్ని మిల్లీలీటర్లే, కానీ కంపెనీ చెప్పిన నూనే పోయాలి. కొనేముందే మీ ఊళ్లో ఈ పని ఎవరు చేస్తారో, సీళ్లు తెప్పించగలరో లేదో కనుక్కోండి. ఎవరూ లేకపోతే ఆ ఒక్క కారణం చాలు, ఆగడానికి.

పాత ఫోర్కును తూకానికి వేయకండి. తుడిచి, గ్రీజు పెట్టి అటక మీద ఉంచండి. కొత్తది సర్వీసుకు వెళ్లిన వారం రోజులు అదే పనికొస్తుంది, సైకిలు అమ్మేటప్పుడూ పనికొస్తుంది. కొత్తది బిగించిన తరవాత మొదటి పది, పదిహేను కిలోమీటర్లు తిరిగొచ్చి, హ్యాండిలు పక్క బోల్టులు, బ్రేకు బోల్టులు, ఇరుసు మరోసారి బిగించి చూడండి. కొత్త బేరింగు తన చోట కుదురుకున్నాక కొంచెం ఆట రావడం మామూలే.